చర్చ: సిసిగ్‌ని బరీటోలో చుట్టడం సబబేనా?

ఇనపపెనం:
శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, ముఖ్యంగా ఫిలిపినోలు ఎక్కువగా ఉండే డేలీ సిటీ వైపు, బర్గర్లూ బరీటోలూ అమ్మే చిన్న హోటళ్లలో ఇప్పుడు ఫిలిపినో వంటలు మామూలైపోయాయి. సిసిగ్ బరీటో, అడోబో బరీటో, లాంగనీసా బర్గర్, సిసిగ్ ఫ్రైస్. సిసిగ్ అంటే పుల్లటి పంది మాంసపు వంటకం, అడోబో అంటే వెనిగర్, సోయా సాస్‌లో ఉడికించిన మాంసం, లాంగనీసా అంటే తియ్యటి ఫిలిపినో సాసేజ్, బరీటో అంటే టోర్టిల్లా అనే పలచటి రొట్టెలో అన్నం, మాంసం చుట్టిన మెక్సికన్ వంట. ఈ కలయిక మీద నాకు అభ్యంతరం లేదు. సిసిగ్‌ని బరీటోలో చుట్టడం మీదే అభ్యంతరం.

అసలు సిసిగ్ ఎలా చేస్తారో చూడండి. పంది చెంపలు, చెవులు గంట నుంచి గంటన్నర ఉడికించి, నిప్పుల మీద కాల్చి, సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కోడి కార్జం, కలమాన్సీ అనే చిన్న నిమ్మజాతి కాయ రసం కలిపి, బాగా కాలిన ఇనప పళ్లెంలో వడ్డిస్తారు. చర్మం కరకరలాడడం, పులుపు నాలుకకి తగలడం, ఈ రెండే దాని ప్రాణం. వేడి అన్నంతో కలిపి టోర్టిల్లాలో చుట్టి, పైన అల్యూమినియం రేకు బిగిస్తే లోపలి ఆవిరికి దారి ఉండదు. పావుగంటలో కరకర పోతుంది. చర్మంలోని జిగురు చల్లారి ముద్ద కడుతుంది. అందుకే సిసిగ్ ఫ్రైస్ మీదికో బర్గర్‌లోకో పోవాలి, బరీటోలోకి అడోబో రావాలి. కాదంటే కారణం చెప్పండి.

చద్దన్నం:
నా లెక్కలో సరిగ్గా తలకిందులు. బరీటోని పాడుచేసేది అడోబోనే.

మొదట సిసిగ్ సంగతి. ఈ హోటళ్లలో చెంపలూ చెవులూ వాడేవాళ్లు తక్కువ, ఎక్కువమంది పంది భుజం మాంసమే వాడతారు. అందులో చర్మం ఉండదు కాబట్టి ముద్ద కట్టే జిగురు కూడా చాలా తక్కువ. కరకర రావాల్సింది పెనం మీద వేపడంలోంచే. ముక్క ఒక సెంటీమీటరుకి మించకూడదు. పెనం పొగలు వచ్చేదాకా కాలాలి. ఒక్కసారి కిలోకి కిలో కుమ్మరిస్తే నీరు ఊరి మాంసం వేగదు, ఉడుకుతుంది. 300 గ్రాముల చొప్పున, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, రెండు నిమిషాలు కదపకుండా వదిలెయ్యాలి. అడుగు ఎర్రబడ్డాకే గరిటె పెట్టాలి. అలా వేగిన ముక్క రేకులో మెత్తబడినా రుచి చావదు, ఎందుకంటే ఆ ఎరుపులోనే రుచి ఉంది.

ఇక అడోబో. కిలో మాంసానికి 120 మి.లీ. వెనిగర్, 80 మి.లీ. సోయా సాస్, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, మూడు బిర్యానీ ఆకులు, చెంచాడు మిరియాలు. కోడి తొడ అయితే 35–40 నిమిషాలు, పంది భుజం అయితే గంటంపావు. అప్పటికి గిన్నెలో ఉండేది పలచటి పులుసు. దాన్ని అలాగే గరిటెతో టోర్టిల్లాలో పోస్తే నాలుగో ముద్దకే అడుగు చిరిగి చెయ్యంతా కారుతుంది. మాంసం తీసి పక్కన పెట్టాలి. పులుసు గరిటె వెనక అంటుకునేదాకా మరిగించాలి. మాంసం పీచులుగా విడదీసి, పైకి తేలిన కొవ్వులో వేపి, అప్పుడు ఆ చిక్కటి పులుసు ఒక్కో బరీటోకి రెండు చెంచాలే కలపాలి. ఉప్పు విడిగా వద్దు, సోయా సాస్ సగానికి మరిగితే ఉప్పు దానంతట అదే రెట్టింపవుతుంది. రద్దీ వేళ ఇంత ఓపికగా చేసే వంటిళ్లు ఎన్ని?

పుల్లకూర:
మీ ఇద్దరూ కరకర చుట్టూనే తిరుగుతున్నారు. ఫిలిప్పీన్స్‌లోని పంపాంగా ప్రాంతపు మాట సిసిగ్ 1732 నాటి నిఘంటువులోనే ఉంది. అప్పటికి అది పచ్చి బొప్పాయో పచ్చి జామకాయో వెనిగర్, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లితో కలుపుకునే పుల్లటి కూర. కాల్చిన పంది మాంసంతో, వేడి పళ్లెంలో వచ్చే రూపం అక్కడి ఏంజెలిస్ నగరంలో 1970లలో స్థిరపడింది. ఆ ఘనత అలింగ్ లూసింగ్‌గా పేరుపడ్డ లూసియా కునానన్‌కి ఇస్తారు. 2017లో ఆ నగరం దాన్ని తమ వారసత్వ సంపదగా ప్రకటించింది కూడా. అంటే కరకర యాభై ఏళ్ల నాటిది, పులుపు దాదాపు మూడు వందల ఏళ్ల నాటిది.

ఆ పులుపు బరీటోలో ఎక్కడ పోతోందో చూడండి. మాంటెరే జాక్ చీజ్, పుల్ల మీగడ, గువకమోలే అనే అవకాడో ముద్ద, పైన మయొనైజ్ కూడా. నాలుగూ కొవ్వే. కొవ్వు నాలుకని కప్పేస్తే కలమాన్సీ ఎంత పిండినా తెలియదు. తినేవాళ్లు చప్పగా ఉందంటారు, వంటవాళ్లు ఉప్పు పెంచుతారు. కావలసింది ఉప్పు కాదు, ఈ నాలుగింట్లో రెండు తీసెయ్యడం. గువకమోలే ఉంటే మీగడ వద్దు. చీజ్ ఉంటే మయొనైజ్ వద్దు. మయొనైజ్ ఏంజెలిస్ పద్ధతిలో అసలు లేదు, తర్వాత చేరింది.

కలమాన్సీ విషయంలో రెండు జాగ్రత్తలు. పొయ్యి మీద ఉండగా రసం పిండితే వాసన ఎగిరిపోతుంది, చుట్టే ముందే కలపాలి. గింజ నలిగితే చేదు వస్తుంది, చిన్న జల్లెడలో పిండాలి. కాయలు దొరక్కపోతే సీసాలో రసం కంటే రెండు పాళ్లు నిమ్మరసం, ఒక పాలు కమలారసం కలిపితేనే దగ్గరగా వస్తుంది.

తీరంవెంట:
ఇదేదో ఫ్యాషన్ కోసం అతికించిన కలయిక అని పక్క చర్చలో ఒకరు కొట్టిపారేశారు. అది సరికాదు. 1565 నుంచి 1815 దాకా మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య ఓడలు తిరిగాయి. ఫిలిప్పీన్స్‌కి మిరప, బొప్పాయి, మొక్కజొన్న, జాఫ్రా గింజలు మెక్సికో వైపు నుంచే వచ్చాయి. మెక్సికోవాళ్లు మొక్కజొన్న పిండితో కాచుకునే చాక్లెట్ జావ అక్కడ జిగురు బియ్యంతో చంపొరాడో అయింది. మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఉడికించే తమాలే అక్కడ బియ్యప్పిండితో, అరటాకులో తయారైంది. ఎదురు దారిలో ఫిలిపినో నావికులు కొబ్బరి కల్లు తీసే విద్య పట్టుకెళ్లారు. మెక్సికోలోని కొలీమాలో తూబా పేరుతో ఆ కల్లు ఇప్పటికీ వీధుల్లో అమ్ముతారు.

కాలిఫోర్నియాలో కథ ఇంకా దగ్గరిది. 1965 సెప్టెంబరు 8న డెలానో ద్రాక్ష తోటల్లో లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిపినో కూలీలు సమ్మెకి దిగారు. ఎనిమిది రోజులకి సెసార్ చావెజ్ సంఘంలోని మెక్సికన్ కూలీలు తోడు నిలిచారు, మరుసటి ఏడు రెండు సంఘాలూ ఒకటయ్యాయి. ఒకే తోటల్లో పనిచేసినవాళ్ల తిండి ఒకే టోర్టిల్లాలోకి రావడం వింతేమీ కాదు.

పుల్లకూర:
చరిత్ర కాదనను, డెలానో మాట తెచ్చినందుకు సంతోషం. కానీ దాన్ని చూపించి రుచి బాగుందని ఒప్పించలేం. పైగా ఆ ఓడల కాలానికీ ఈ బరీటోకీ సంబంధం లేదు. గోధుమ టోర్టిల్లా ఉత్తర మెక్సికోది. అన్నం, చిక్కుడు, మాంసం అన్నీ కుక్కి రేకులో చుట్టే పెద్ద బరీటో 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ పేటలో పుట్టింది. నిలబడాల్సింది వంట బలం మీదే.

ఆ లెక్కన చూస్తే చిక్కుడు గింజల మాట ఎవరూ ఎత్తలేదు. పింటో చిక్కుడు ముద్దలో జీలకర్ర వేస్తారు. జీలకర్ర సిసిగ్ పులుపు మీద కూర్చుంటుంది, రెండూ కలిసి ఏమిటో తెలియని రుచి వస్తుంది. పెట్టక తప్పదంటే వెల్లుల్లితో ఉడికించిన పెసలు పెట్టండి. ఫిలిపినో ఇళ్లలో అవి ఎలాగూ ఉన్నవే, గట్టిగా దగ్గరికి చేస్తే నీరూ కారవు.

బేకరీబల్ల:
అందరూ బరీటో మీదే పడ్డారు, పొరపాట్లు ఎక్కువ జరిగేది లాంగనీసా బర్గర్‌లో. గొడ్డు మాంసపు ప్యాటీలాగా (బన్నులో పెట్టే మాంసపు బిళ్ల) దాన్ని మండే పెనం మీద అణగ్గొడతారు. లాంగనీసాలో చక్కెర ఉంటుంది. అర కిలో కైమాకి రెండు పెద్ద చెంచాల బ్రౌన్ షుగర్, ఒక పెద్ద చెంచా వెనిగర్, అయిదు వెల్లుల్లి రెబ్బలు, చెంచాన్నర ఉప్పు, అర చెంచా జాఫ్రా పొడి. ఆ చక్కెర పెద్ద మంట మీద పైన నల్లగా మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, మధ్యస్థ మంట, పక్కకి నాలుగు నిమిషాలు, లోపల 71 డిగ్రీల సెల్సియస్. ఇంతే, అణగ్గొట్టకూడదు.

ఉప్పు ఎప్పుడు కలపాలన్నది ఇంకో మెలిక. గొడ్డు మాంసపు బర్గర్‌కి ఉప్పు కాల్చేముందు పైన చల్లాలి, ముందే కలిపితే రబ్బరులా అవుతుంది. లాంగనీసాకి ముందే కలిపి చేత్తో రెండు నిమిషాలు పిసకాలి. ఉప్పుకి మాంసంలోని ప్రోటీన్లు కరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ బిగువు రాకపోతే తిప్పేటప్పుడు ప్యాటీ విరిగిపోతుంది. రెండు మాంసాలూ సగంసగం కలిపే హోటళ్లు ఉన్నాయి, నాకు నచ్చవు, రెండింటి గుణమూ పోతుంది.

బన్నుగా పాన్‌దెసాల్ అనే ఫిలిపినో రొట్టె వాడతామని గొప్పగా రాసుకుంటారు. మామూలు పాన్‌దెసాల్ చిన్నది, గుల్లగా ఉంటుంది, ప్యాటీ కొవ్వు తగలగానే కుంగిపోతుంది. అదే పిండిని 85–90 గ్రాముల ఉండలుగా చేసి, కోసిన ముఖాలు వెన్నతో ఎర్రగా కాలిస్తే నిలబడుతుంది. దోసకాయ పికిల్ బదులు అచ్చారా అనే పచ్చి బొప్పాయి ఊరగాయ పెట్టండి. పచ్చి బొప్పాయి కోరుకి ఉప్పు పట్టించి అరగంట ఉంచి, గుడ్డలో వేసి గట్టిగా పిండాకే వెనిగర్, చక్కెర పాకంలో వెయ్యాలి. పిండకపోతే మూడో రోజుకి మెత్తబడి పాకం పలచనవుతుంది. బర్గర్‌లో పెట్టేముందు ఇంకోసారి పిండాలి.

ఇనపపెనం:
లాంగనీసా గురించి ఒక్క మాటా కాదనను. చద్దన్నం గారూ, భుజం మాంసం వాదన సగమే ఒప్పుకుంటాను. అక్కడికక్కడ కూర్చుని తినేవాళ్లకి మీరన్నది నిజం. ఇంటికి పంపే పార్సిల్‌కి? అరగంట తర్వాత తెరిచి, నడిమికి కోసి చూడండి. అన్నం తడిసి, టోర్టిల్లా లోపలి పొర పిండిముద్దలా ఊడివస్తుంది.

చద్దన్నం:
అది సిసిగ్ తప్పు కాదు, అన్నం తప్పు. చాలాచోట్ల టొమాటోతో వండిన మెత్తటి మెక్సికన్ అన్నమే ఇందులోనూ పెడతారు. పెట్టాల్సింది సినాంగాగ్, అంటే వెల్లుల్లితో వేయించిన నిన్నటి అన్నం. నాలుగు కప్పుల అన్నానికి ఎనిమిది రెబ్బలు, చల్లటి నూనెలోనే వేసి సన్నమంట మీద లేత బంగారు రంగు రాగానే తీసెయ్యాలి. కాగిన నూనెలో వేస్తే క్షణంలో చేదెక్కుతుంది. చల్లారిన అన్నం మెతుకు బిగుసుకుని ఉంటుంది కనుక వేయించినప్పుడు విడివిడిగా వస్తుంది, మాంసం రసాన్ని పీల్చుకుంటుంది. టోర్టిల్లా పక్కన అన్నం, మధ్యలో మాంసం, ఈ వరస తప్పకూడదు. 30 సెంటీమీటర్ల టోర్టిల్లాకి మొత్తం 400 గ్రాములు దాటితే మడత నిలవదు. టోర్టిల్లాని పెనం మీద 20 సెకన్లు వేడి చేశాకే చుట్టాలి, చల్లది మడతల దగ్గర పగులుతుంది. చుట్టాక మడత కిందికి పెట్టి నిమిషం కాలిస్తే అతుక్కుంటుంది. రేకు చుట్టే ముందు ఇంకో నిమిషం వదిలేస్తే సగం ఆవిరి పోతుంది. కలమాన్సీ, సాసూ చిన్న డబ్బాల్లో విడిగా ఇవ్వండి.

నిన్నటి అన్నం అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. పెద్ద డేగిసాలో మూతపెట్టి బల్ల మీద వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది, మళ్లీ వేయించినా ఆ విషం పోదు. వెడల్పాటి పళ్లేల్లో రెండంగుళాలకి మించకుండా పరిచి చల్లార్చాలి. అమెరికా ఆహార నియమం ప్రకారం 57 డిగ్రీల సెల్సియస్ నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడినుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. రుచి గురించి ఎంతైనా వాదించుకోవచ్చు, ఇక్కడ వాదన లేదు.

ఫ్రీమాంట్_శాకాహారి:
ఇక్కడ తెలుగువాళ్లలో గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టనివాళ్లు చాలామంది, నాలాగా అసలు మాంసమే తిననివాళ్లూ ఉన్నారు. టోఫు (సోయా పాల పన్నీరు) సిసిగ్ బరీటో అని బోర్డు మీద కనిపిస్తే నమ్మి తీసుకోవచ్చా? టోఫుతో ఆ రుచి వస్తుందా?

పుల్లకూర:
రుచి వస్తుందండీ, పులుపు కలిపే పద్ధతి మారదు కదా. గట్టి టోఫుని బరువు కింద అరగంట ఉంచి నీరు పిండెయ్యాలి. అర సెంటీమీటరు ముక్కలు, పైన కాస్త మొక్కజొన్న పిండి, లోతు నూనెలో వేపుడు. సన్నగా తరిగిన పుట్టగొడుగులు విడిగా నీరు ఇంకేదాకా వేపి కలిపితే కార్జం ఇచ్చే లోతు కొంత వస్తుంది. రసం చుట్టేముందే పిండాలి, ముందు పిండితే టోఫు పీల్చేసుకుని మెత్తబడుతుంది.

నమ్మకం సంగతికొస్తే నాలుగు అడగండి. సాస్‌లో పాతిస్ అనే చేపల సారం గానీ ఆయిస్టర్ సాస్ గానీ ఉందా? చిక్కుడు ముద్దలో పంది కొవ్వు వేస్తారా? టోర్టిల్లా పిండి దేంతో కలిపారు, నూనెతోనా కొవ్వుతోనా? టోఫు వేపే నూనె, పెనం మాంసానికీ అవేనా? చివరిదానికి అవునంటే గరిటె విడిగా ఉందన్నా లాభం లేదు. కోడి తొడతో సిసిగ్ చేసే చోట్ల గొడ్డు, పంది మాంసం తిననివాళ్లూ ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగాలి, ఎందుకంటే ఆ ముక్కలు సాధారణంగా పంది భుజం వేగిన పెనం మీదే పడతాయి.