హోసూరుకు ప్లేటింగ్‌కి పంపే సరుకు: బీపీఎంఎన్‌లో లేనా, వేరే పూలా?

పీణ్య స్టోర్స్:
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యలో ఆటో పార్టులు చేసే చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టే ముందు, ఇప్పుడు పని ఎలా జరుగుతోందో బీపీఎంఎన్‌లో, అంటే పని జరిగే తీరును గుర్తులతో చూపే పద్ధతిలో, బొమ్మ గీసి ఇమ్మన్నారు. కొనుగోళ్ల నుంచి క్వాలిటీ దాకా డ్రా.ఐఓ అనే డ్రాయింగ్ టూల్‌లో గీశాను. జాబ్‌వర్క్ (మా సరుకును బయటివాళ్లకిచ్చి చేయించే పని) దగ్గర ఆగింది. బ్రాకెట్లను జింక్ ప్లేటింగ్‌కి హోసూరు పంపుతాం. ప్లేటింగ్ వాళ్లను మా డిపార్ట్‌మెంట్ల పక్కన లేన్‌లో (ఒకే సంస్థలో ఒక్కో విభాగానికి ఇచ్చే వరస) పెట్టాలా, వేరే పూల్ (విడి సంస్థకు విడి పెట్టె) గీయాలా? పైగా పంపినదంతా ఒకేసారి రాదు. కొంత వస్తుంది, కొంత రిజెక్టయి మళ్లీ వెళ్తుంది. ఆ బాణాలు ఎటు తిప్పాలో తెలియడం లేదు. శుక్రవారం ఓనర్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

హెచ్ఎస్ఆర్ అనలిస్ట్:
వేరే పూలే అండి. హోసూరు షెడ్డులో ఏ తొట్టిలో ముంచుతారో, ఎవరు ముంచుతారో మీరు నిర్ణయించరు కదా. అందుకే వాళ్ల పూల్‌లో ఏమీ గీయకుండా ఖాళీగా వదిలేయండి. మీకూ వాళ్లకూ మధ్య తిరిగేవి చలానా (సరుకుతో పంపే పత్రం), సరుకు. వాటికి తెగిన గీతతో మెసేజ్ ఫ్లో. నిండు గీత, అంటే సీక్వెన్స్ ఫ్లో, పూల్ దాటకూడదు. డ్రా.ఐఓలో తప్పు గీత గీసినా ఊరుకుంటుంది. బీపీఎంఎన్ గీసే కాముండా మోడలర్ ఉచితమే, అందులో రెండు పూల్స్ మధ్య గీత లాగితే దానంతటదే మెసేజ్ ఫ్లో అవుతుంది.

బాణాల చిక్కు ఎక్కడ మొదలైందో చూడండి. మీరు పంపేది చలానా లెక్కన, తిరిగి వచ్చేది లోడు లెక్కన. ఒక చలానా సరుకు రెండు మూడు లోడ్లలో రావచ్చు, ఒకే లోడులో రెండు చలానాల సరుకూ ఉండొచ్చు. ఈ రెండు లెక్కలనూ ఒకే ప్రాసెస్‌లో ఇరికిస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోలేదు. రెండు డయాగ్రమ్‌లు చేయండి. మొదటిది చలానా రాయడంతో మొదలై, ఇంకా రావాల్సిన బ్యాలెన్స్ సున్నా అయినప్పుడు ముగుస్తుంది. రెండోది గేటు దగ్గరికి లోడు వచ్చిన ప్రతిసారీ మొదలవుతుంది: తూకం, క్వాలిటీ, చలానా రిజిస్టర్‌లో తగ్గింపు, అంతే. ఆ రిజిస్టర్‌ని రెండిట్లోనూ డేటా స్టోర్‌గా, సిలిండర్ గుర్తుతో పెట్టండి. స్టోర్స్‌లో అందరూ రోజూ తెరిచేది అదే కదా, బొమ్మలో కనబడి తీరాలి.

జయనగర్ అకౌంట్స్:
నేనూ ఒక మాట కలుపుతాను, ఇది వదిలేస్తే తర్వాత డబ్బు పోతుంది. హోసూరు తమిళనాడులో ఉంది కాబట్టి, జాబ్‌వర్క్ సరుకు విలువ 50,000 రూపాయల లోపున్నా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే ఆన్‌లైన్ పత్రం) తప్పనిసరి. అక్కడ విలువ అడిగే గేట్‌వే (దారులు చీలే గుర్తు) పెట్టొద్దు. సరుకు ఏడాదిలోపు తిరిగి రాక, గడువు పెంపూ లేకపోతే, జీఎస్టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం పంపిన రోజే సప్లై చేసినట్టు లెక్క. అందుకని చలానా ప్రాసెస్‌లో సరుకు కోసం ఎదురుచూసే పని అంచున టైమర్ పెట్టండి, జంట వలయం తెగిన గీతతో. అప్పుడు పని ఆగకుండానే పదో నెలలో అకౌంట్స్‌కి హెచ్చరిక వెళ్తుంది. ఐటీసీ-04 (జాబ్‌వర్క్ సరుకు వివరాలిచ్చే జీఎస్టీ ఫారం) మాత్రం విడిగా గీయండి: టర్నోవర్ 5 కోట్లు దాటితే ఆరు నెలలకోసారి, లేదంటే ఏడాదికోసారి.

పీణ్య స్టోర్స్:
చాలా థ్యాంక్స్ అండి. రిజెక్టయినవి మళ్లీ పంపేటప్పుడు మేం కొత్త చలానా రాస్తాం. అయినా పాతదానిలోకే బాణం వెనక్కి తిప్పాలా?

హెచ్ఎస్ఆర్ అనలిస్ట్:
వద్దు. కొత్త చలానా రాస్తే మొదటి ప్రాసెస్ ఇంకోసారి మొదలైనట్టే. లోడు డయాగ్రమ్‌లో క్వాలిటీ తర్వాత గేట్‌వే పెట్టి, రిజెక్ట్ దారిలో "రీవర్క్ చలానా కోరడం" అని ఒక పని గీస్తే చాలు. పాత చలానా నంబరు కొత్తదాని మీద రాయాలని ఆ పని పక్కనే నోట్ పెట్టండి, లేకపోతే రిజిస్టర్‌లో రీవర్క్ సరుకేదో తెలియదు.