రేకు రోబో ఛాతీ మీద రంగు తేడా: కర్మాగారంలో జరిగిన పొరపాటా, తరువాత వచ్చిన మార్పా?

ప్రశ్న (రాజోలు నుండి)

నమస్కారమండి. మా పినతండ్రి గారు 1983లో కువైట్ నుండి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన రేకు రోబో ఒకటి నా దగ్గర ఇప్పటికీ పనిచేస్తూ ఉంది. టార్చిలైటు సెల్లులు రెండు వేస్తే నాలుగడుగులు నడిచి ఆగుతుంది, ఛాతీ మీది రెండు తలుపులూ తెరుచుకుంటాయి, నడుము పైభాగం గిర్రున తిరుగుతూ లోపలి తుపాకులు ఎర్రగా వెలుగుతాయి. వీపు మీద మేడ్ ఇన్ జపాన్ అన్న ముద్ర స్పష్టంగా ఉంది.

దానిలో మూడు తేడాలు కనిపిస్తున్నాయి. కుడి తలుపు మీది గడియారం వంటి బొమ్మలో ఎరుపు ఉంది కాని, ఎడమ తలుపు మీద అదే చోట బూడిదరంగు మాత్రమే ఉంది. రెండు తలుపుల మీదా పసుపు గీతలు తమ చోటు నుండి కొంచెం పక్కకు జరిగి, అంచున సన్నని తెల్లని నెలవంక మిగిలింది. కుడి చేయి ప్లాస్టిక్కు ఎడమ చేతి కంటే ఒక వన్నె ముదురుగా ఉంది.

హైదరాబాదులో ఉన్న ఒక సేకరణకర్త ఫొటోలు చూసి, ఇది కర్మాగారంలోనే జరిగిన అరుదైన పొరపాటు అని నేను కాగితం మీద రాసి ఇస్తే, మామూలు ధరకు మూడు రెట్లు ఇస్తానంటున్నారు. నాకు నిజంగా తెలియని విషయాన్ని సంతకం పెట్టి రాయడానికి మనసు ఒప్పడం లేదు. తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

మొదటి సమాధానం (కాకినాడ నుండి)

మీరు అడిగినవి ఒక ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు. మూడింటినీ ఒకే మాటతో పొరపాటు అని పిలవడం వల్లనే ఈ సేకరణలో ఎక్కువ గందరగోళం పుడుతోంది.

తయారీదారు తెలిసి చేసిన మార్పు వేరు, తెలియక జరిగిన తప్పు వేరు. జపాన్‌లో మసుదయా సంస్థ లంగా తొడిగినట్లు కనిపించే ఒకే రకమైన పెద్ద ఒడలికి వేరువేరు చిత్రాలూ యంత్రాలూ అమర్చి అయిదు రోబోలు చేసింది. సేకరణకర్తలు గ్యాంగ్ ఆఫ్ ఫైవ్ అని పిలిచే ఆ అయిదింటిలో మెషీన్ మ్యాన్ అన్నింటికన్నా అరుదైనది. 1956 నాటి ఫర్బిడెన్ ప్లానెట్ చిత్రంలోని రాబీ అనే రోబోను పోలినట్లు నోమురా అనే జపాన్ సంస్థ చేసిన రోబో ఎక్కువగా నలుపులో దొరుకుతుంది, వెండిరంగులో బాగా తక్కువగా దొరుకుతుంది. ఇవి అరుదైనవే కాని పొరపాట్లు కావు.

ఇక హోరికావా వంటి జపాన్ బొమ్మల సంస్థలు ఒకే నమూనాను ఏళ్ళ తరబడి తయారు చేస్తూ, మొదట రేకుతో చేసిన భాగాలను క్రమంగా ప్లాస్టిక్కులోకి మార్చుకుంటూ వచ్చాయి. నిల్వలో మిగిలిన పాత భాగం అయిపోయే వరకు దానినీ, కొత్త భాగాన్నీ కలిపి బిగించడం ఏ కర్మాగారానికైనా సహజమే కనుక, ఇటువంటి మిశ్రమాలను నేను తయారీ మధ్యలో వచ్చిన మార్పులుగానే లెక్కిస్తాను. మీ రోబో చేతులు ఈ కోవకు చెందవచ్చు.

తయారీలో కాక ప్యాకింగులో జరిగిన తేడాకు మంచి ఉదాహరణ 1984 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ అనే, రోబోలుగా మారే బొమ్మల వరుసలో ఉంది. జాబితాలో ఎక్కడా పేరు లేని పసుపుపచ్చని చిన్న కారు ఒకటి ఆ వరుసలోని క్లిఫ్‌జంపర్ అనే బొమ్మ ప్యాకింగు అట్టల మీద అమ్ముడైంది. అది అదే వరుసలోని బంబుల్‌బీ అనే పసుపు కారు కాదు, క్లిఫ్‌జంపర్ కూడా కాదు, మాజ్డా కారు నమూనాతో వేరే మూసలో చేసిన బొమ్మ. సేకరణకర్తలే తరువాత దానికి బంపర్ అని పేరు పెట్టుకున్నారు. దానిని అట్ట మీద మూసి ఉన్నప్పుడే సులభంగా నిరూపించగలం, విడిగా ఉన్నప్పుడు అది వట్టి పసుపు కారే.

అందుచేత మీరు ముందుగా చూడవలసినది భుజాల దగ్గర ఉన్న రేకు నాలుకలను. ఒక రేకును మరొక రేకు చీలికలో దూర్చి వంచిన ఆ నాలుకలు కర్మాగారంలో ఒక్కసారే వంగుతాయి. తరువాత ఎవరైనా విప్పి ఉంటే మడత దగ్గర రంగు చిట్లుతుంది, పట్టకారు గీత కూడా పడుతుంది.

రెండవ సమాధానం (రాజమహేంద్రవరం నుండి)

నేను ముప్పై ఏళ్ళు ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేశాను, అందులో కొంత కాలం డబ్బాల రేకు మీద అచ్చు వేశాను. కనుక మీ తలుపుల మీది రంగుల సంగతి మాత్రం చెప్పగలను.

బొమ్మ చేసిన తరువాత దాని మీద అచ్చు వేయరు. చదునుగా ఉన్న పెద్ద రేకు మీద పదుల కొద్దీ భాగాలను ఒకేసారి, ఒక్కొక్క రంగు చొప్పున అచ్చు వేసి, ప్రతి రంగునూ వేడి పొయ్యిలో ఆరబెట్టి, పైన వార్నిష్ పూసి, ఆ తరువాతనే కత్తిరించి వంచుతారు. రేకు పట్టులో వెంట్రుకవాసి కదిలినా ఆ రంగు మొత్తం ఒకే దిక్కుకు జరుగుతుంది. దీనినే మేము రిజిస్ట్రేషన్ తప్పింది అంటాము. మీ పసుపు గీతలు రెండు తలుపుల మీదా, ప్రతి బొమ్మ దగ్గరా, ఒకే దిక్కుకు ఒకే కొలతలో జరిగి ఉంటే అది నిస్సందేహంగా అచ్చులో జరిగినదే. అయితే ఆ రేకు నుండి కత్తిరించిన భాగాలన్నీ అలాగే ఉంటాయి కనుక, ఒక మిల్లీమీటరు జరుగుబాటును అరుదైనదని అనడానికి నేను ఒప్పుకోను.

ఎరుపు లేకపోవడం వేరే కథ. ఆ రంగు రోలరు కింద రేకు పోకుండా తప్పిపోతే ఎరుపు అసలు పడదు. కాని ఎండకు ఇతర రంగుల కన్నా ముందుగా వెలిసిపోయేది కూడా తరచుగా ఎరుపే. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఒక్కటే నమ్మదగిన పరీక్ష ఉంది. తలుపు అంచు లోపలికి మడిచిన చోట, కీలు కింద, వెలుగు ఎన్నడూ పడని చోట చూడండి. కర్మాగారంలోనే ఎరుపు పడకపోతే అక్కడ కూడా ఉండదు, ఎండ తినేసి ఉంటే అక్కడ ఎరుపు పచ్చిగా మిగిలి ఉంటుంది. భూతద్దం, సన్నని టార్చి చాలు, దేనినీ విప్పవద్దు.

రేకు లోపలి వైపు వేరే అచ్చు ఏదైనా కనిపిస్తే దానిని కూడా తప్పుగా అనుకోకండి. 1945 చివరిలో మత్సుజో కొసుగె అనే జపాన్ బొమ్మల తయారీదారు అమెరికా సైనికులు పారేసిన డబ్బాల రేకుతో బొమ్మ జీపులు చేసి అమ్మిన నాటి నుండి, యుద్ధానంతరపు జపాన్ బొమ్మల లోపల పాత డబ్బాల అచ్చు కనిపించడం తెలిసిన విషయమే.

ప్రశ్న వేసినవారు (రాజోలు నుండి)

ఇద్దరికీ కృతజ్ఞతలండి. నిన్న మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మీరు చెప్పినట్లే చూశాను.

ఎడమ తలుపు కీలు కింద మడతలో గోరంత మేర ఎరుపు కుంకుమలా మెరుస్తూ కనిపించింది. ఆ రోబో ఇరవై ఏళ్ళకు పైగా పడమటి కిటికీ ఎదుట అద్దాల బీరువాలో ఉంది, కుడి తలుపుకు అడ్డంగా మా తాతగారి ఫొటో ఉండేది. కాబట్టి ఎరుపును తినేసింది ఎండే. పసుపు గీతలు మాత్రం అన్ని చోట్లా ఒకే దిక్కుకు జరిగి ఉన్నాయి.

కుడి భుజం నాలుక మీద రంగు చిట్లి, పక్కన పట్టకారు గీత కూడా ఉంది. మా అమ్మగారిని అడిగితే, పినతండ్రి గారు ఆ రోజు ఒకే దుకాణం నుండి రెండు రోబోలు తెచ్చారనీ, మా అన్నయ్యది కాలువలో పడి పాడైతే, నా రోబో చేయి విరిగినప్పుడు రేడియోలు బాగుచేసే ఆయన దాని చేతిని తీసి దీనికి బిగించారనీ చెప్పారు. ఈ మాట నాకు ఇన్నేళ్ళుగా తెలియదు.

మొదటి సమాధానం రాసినవారు (కాకినాడ నుండి)

మీ అమ్మగారు చెప్పినది చాలా విలువైనది, దయచేసి ఆమె మాటల్లోనే రాసి బొమ్మతో పాటు భద్రపరచండి. చేయి మార్చడం వల్ల మీ రోబో కర్మాగారపు పొరపాటు కాకుండా పోయింది, నిజమే. కాని ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న రెండు రోబోల చేతులు మొదటి నుండే రెండు వన్నెలలో ఉండి ఉండవచ్చని ఆమె మాటను బట్టి అనిపిస్తోంది. బీరువాలో కుడి వైపు ఫొటో నీడ ఉండేది కనుక వెలుతురు వల్ల కూడా తేడా వచ్చి ఉండవచ్చు, అయితే ముంజేతి లోపలి వైపు, వెలుగు తగలని చోట కూడా రెండు వన్నెలూ తేడాగానే ఉంటే, తయారీలో ప్లాస్టిక్కు మారిందనడానికి అది నిజమైన ఆధారం.

ఒక విన్నపం. అమ్మే ముందు మెరుగు పెట్టాలని చింతపండు గాని, ఇత్తడి సామాను తోమే పొడి గాని తగలనీయకండి, వార్నిష్‌తో పాటు అచ్చు కూడా లేచిపోతుంది. మన డెల్టా గాలిలో తేమకు తుప్పు మొదట పట్టేది ఆ నాలుకల మడతలలోనే. సెల్లులు తీసేసి, తేమ పీల్చే సిలికా పొట్లాలతో మూత గట్టిగా ఉన్న పెట్టెలో ఉంచండి.

ప్రశ్న వేసినవారు (రాజోలు నుండి)

చేతుల లోపలి వైపు కూడా చూశానండి, అక్కడా ఒక వన్నె తేడా ఉంది. హైదరాబాదు వారికి ఈ రోజే ఉత్తరం రాశాను: ఎరుపు ఎండకు వెలిసినది, పసుపు గీతలు అచ్చులో జరిగినవి, కుడి చేయి ఇదే నమూనాకు చెందిన మరొక రోబోది, ఇష్టమైతే మామూలు ధరకే తీసుకోవచ్చు అని. అమ్మగారి మాటలను వేరే కాగితం మీద రాసి, ఆమె చేత సంతకం చేయించి పెట్టెలో పెట్టాను.