జావా 17లో ఎక్స్‌ఎస్‌డీ నుంచి క్లాసులు: ఈ జాక్స్‌బీఎలిమెంట్ గోల ఏంటి?

రాయదుర్గం_దేవ్:
మాదాపూర్‌లో ఒక బీమా ప్రాజెక్టులో ఉన్నాను. క్లయింటు పాలసీ సర్వీసు ఇంకా సోప్‌లోనే (ఎక్స్‌ఎంఎల్ మెసేజీలతో నడిచే పాత పద్ధతి) ఉంది. డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసులో ఏ కాల్స్ ఉన్నాయో చెప్పే ఫైలు), ఎక్స్‌ఎస్‌డీలు (ఆ ఎక్స్‌ఎంఎల్‌లో ఏ ఫీల్డులుండాలో చెప్పే ఫైళ్లు) జిప్ చేసి పంపారు. జావా 8లో ఎక్స్‌జేసీ కమాండ్ కొడితే ఎక్స్‌ఎస్‌డీ నుంచి జావా క్లాసులు వచ్చేసేవి, 17లో ఆ కమాండే లేదంటోంది. పాత మెషీన్‌లో చేసి తెచ్చుకుంటే నామినీ పేరుకి స్ట్రింగ్ తీసుకోదు, దాన్ని చుట్టే జాక్స్‌బీఎలిమెంట్ అనే తొడుగు కావాలట. వచ్చిన క్లాసుల్లోనే స్ట్రింగ్ అని మార్చేయమని మా లీడ్ అంటున్నాడు. మార్చొచ్చా? శుక్రవారం డెమో ఉందన్నా, కాస్త చూడండి.

అమీర్‌పేట_బ్యాచ్:
ఆ కమాండ్ పోయి చాన రోజులైంది తమ్మీ. 2018ల జావా 11 వచ్చినప్పుడే జాక్స్‌బీని (ఎక్స్‌ఎంఎల్‌ని జావా క్లాసులతో కలిపేది, ఎక్స్‌జేసీ దాంట్లదే) జేడీకేల నుంచి తీసేసిన్రు. డబ్ల్యూఎస్‌డీఎల్ నుంచి క్లాసులు చేసే డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ గూడ దాంతోనే పోయింది. బిల్డ్ టూల్ మావెన్‌ల ఎక్స్‌జేసీ నడిపే ప్లగిన్ పెట్టు, బిల్డ్ అయినప్పుడల్లా అదే తయారు చేస్తది. స్ప్రింగ్ బూట్ 3 అయితే జకార్తా వెర్షనే (జావాక్స్‌కి కొత్త పేరు) తీస్కో. పాత క్లాసులల్ల జావాక్స్ ఇంపోర్టులుంటయ్, దాంట్ల నడ్వయ్.

పాతసోపు:
చేత్తో మాత్రం మార్చకండి. రేపు క్లయింటు కొత్త ఎక్స్‌ఎస్‌డీ పంపితే, మళ్లీ జనరేట్ చేయగానే మీ మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. క్లాసులను గిట్‌లో పెట్టకుండా టార్గెట్ ఫోల్డర్‌లోనే ఉంచితే ఎవరికీ ఆ బుద్ధి పుట్టదు.

ఇక జాక్స్‌బీఎలిమెంట్ సంగతి. నామినీ దగ్గర ఎక్స్‌ఎస్‌డీలో మిన్‌అకర్స్ సున్నా (ట్యాగ్ లేకపోయినా సరే), నిల్లబుల్ ట్రూ (విలువ లేదని నిల్ పంపొచ్చు) రెండూ ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే ట్యాగే పంపకపోవచ్చు, నిల్ అని పంపొచ్చు, పేరు పంపొచ్చు. ఒట్టి స్ట్రింగ్‌కి ఉన్నది నల్ ఒక్కటే, మొదటి రెంటికీ తేడా చూపలేదు. అందుకే ఆ తొడుగు. బైండింగ్ ఫైల్లో (క్లాసులు ఎలా రావాలో ఎక్స్‌జేసీకి చెప్పే ఫైలు) జనరేట్‌ఎలిమెంట్‌ప్రాపర్టీ ఫాల్స్ అని పెడితే స్ట్రింగే వస్తుంది, నెట్లో అందరూ చెప్పేదీ అదే. కానీ అప్పుడు మీరు ముట్టుకోని ఫీల్డు కూడా నిల్ అయి వెళ్తుంది. అడ్రస్ మార్పుకి పంపిన రిక్వెస్టుతో అవతల నామినీ చెరిగిపోతే ఎవరు జవాబు చెప్తారు? ట్యాగ్ రాకపోవడానికీ నిల్ రావడానికీ వాళ్ల దగ్గర తేడా ఉందేమో ముందు అడగండి.

రాయదుర్గం_దేవ్:
ప్లగిన్‌తో బిల్డ్ అయిందన్నా, థ్యాంక్స్. క్లయింటుని అడిగాను. అప్‌డేట్ కాల్‌లో తేడా ఉందట, కొత్త పాలసీ కాల్‌లో లేదట. రెంటికీ ఎక్స్‌ఎస్‌డీ ఒకటే!

పాతసోపు:
అయితే ఫాల్స్ జోలికి పోకండి. అలాంటి ప్రతి ఫీల్డుకీ జనరేట్ అయిన ఆబ్జెక్ట్‌ఫ్యాక్టరీ క్లాసులో, ఆ తొడుగు తయారు చేసే క్రియేట్ మెథడ్ ఉంటుంది. దాని మీద చిన్న హెల్పర్ రాసుకోండి: విలువ ఉంటే చుట్టి ఇవ్వాలి, లేకపోతే అసలు సెట్ చేయకూడదు. నిజంగా చెరపాలన్నప్పుడే సెట్‌నిల్ ట్రూ. క్లయింటు మెయిల్ మీ లీడ్‌కి ఫార్వర్డ్ చేయండి, ఆయనే ఒప్పుకుంటాడు.