డ్యాన్స్ కత్తిని విదేశానికి తీసుకెళ్లాలంటే కస్టమ్స్ దగ్గర ఏ కాగితం పనికొస్తుంది?

వచ్చే నెల విదేశంలో ఒక బెల్లీ డ్యాన్స్ ఫెస్టివల్‌కి వెళ్తున్నాను. అక్కడ రెండు గంటల వర్క్‌షాప్ చెప్పాలి. అంశం, తల మీద కత్తి నిలుపుతూ చేసే నాట్యం.

నా కత్తి వంపు తిరిగినది. పొడవు 85 సెం.మీ., బరువు 800 గ్రాములు, అంచు పూర్తిగా మొద్దు. ఇలాంటివి కేబిన్‌లోకి రానివ్వరు కాబట్టి చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. 75×50×33 సెం.మీ. సూట్‌కేసులో ఐమూలగా పడుతుంది, ప్యాకింగ్‌తో ఇబ్బంది లేదు. టెన్షన్ అంతా దిగాక కస్టమ్స్ దగ్గరే. దారిలో ఒకచోట విమానం కూడా మారాలి.

ఎయిర్‌లైన్‌ని అడిగితే చెక్-ఇన్‌కి సరేనన్నారు, కానీ కస్టమ్స్ విషయం తమ చేతిలో లేదన్నారు. ఎంబసీకి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. నిర్వాహకులు ఆహ్వాన పత్రం పంపారు గానీ అందులో కత్తి ప్రస్తావనే లేదు, మార్చి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అక్కడే అద్దెకు దొరుకుతుందేమో వాకబు చేశాం, దొరకలేదు. ప్లాస్టిక్ కత్తితో సాధన చేసి చూశాను, బరువు లేక తిరిగేటప్పుడు జారిపోతోంది. పిడి విడదీసే రకం కూడా ప్రయత్నించాను. అతుకు దగ్గర కదలిక వల్ల బ్యాలెన్స్ కుదరలేదు. నేర్చుకునేవాళ్లకి అసలైన బరువు ఎలా ఉంటుందో చేతికిచ్చి చూపించకపోతే ఆ క్లాసుకి అర్థం లేదని నా అభిప్రాయం.

మొద్దు అంచు ఉన్న డ్యాన్స్ కత్తిని చెక్-ఇన్ సామానులో పెట్టి, మధ్యలో విమానం మారి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: కస్టమ్స్ అధికారులు ఏ పత్రం చూసి దాన్ని వదిలిపెట్టారు?