డాక్టరు చెప్పింది రోగికి అర్థం కాలేదు. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవచ్చా?

పర్లాకిమిడి సిస్టర్:
అందరికీ నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లాలో సర్జరీ వార్డులో పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు, సవరలు అందరూ వస్తారు. డాక్టరు గారు రౌండ్స్‌లో ఒడియాలో రెండు మాటలు చెప్పి వెళతారు. సాయంత్రానికి సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకోవడం మా పని. నిన్న ఒక పెద్దాయన చేతికి కాగితం ఇవ్వగానే "ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నారు. ఆపరేషన్ సంగతి తెలుసా అని తెలుగులో అడిగితే, ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారని అనుకుంటున్నారట. ఆయనకు హెర్నియా. కాగితం వెనక్కి తీసుకున్నాను. ఇన్‌ఛార్జ్ సిస్టర్ మాత్రం "తెలుగు వచ్చు కదా, నువ్వే చెప్పి పెట్టించు" అంటున్నారు. అలా చేయవచ్చా?

కొరాపుట్ ట్యూటర్:
కాగితం వెనక్కి తీసుకోవడమే సరైన పని. జబ్బు ఏమిటి, ఏమి చేస్తారు, ముప్పు ఎంత, వేరే మార్గం ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పవలసింది ఆపరేషన్ చేసే డాక్టరు. డాక్టరు మాటను మీరు తెలుగులోకి మార్చి చెప్పవచ్చు, డాక్టరు బదులు మీరు చెప్పకూడదు. ఆయన ఒక ప్రశ్న అడిగితే, "మత్తు వెన్నులోకా, పూర్తిగానా?" అన్నా సరే, జవాబు డాక్టరు నోటి నుంచే రావాలి.

సాక్షిగా సంతకం చేస్తున్నామంటే ఈ మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకున్నారని మనం చెబుతున్నట్టే. అర్థం కాలేదని తెలిసీ పెడితే అది అబద్ధపు సాక్ష్యం. రోగి తెలిసి నిర్ణయం తీసుకునేలా తోడ్పడటం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నీతి నియమావళిలోనే ఉంది. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు ఆ మాట గౌరవంగా చెప్పండి.

ఒక చిన్న పద్ధతి. "అర్థమైందా?" అని అడగవద్దు, అందరూ తల ఊపుతారు. "ఇంటికి ఫోను చేసి ఏమని చెబుతారు బాబూ?" అని అడగండి. ఆయన సొంత మాటల్లో చెప్పలేకపోతే డాక్టరును మళ్లీ పిలవండి. ఏ భాషలో చెప్పారు, ఆ మాటను రోగి భాషలోకి ఎవరు మార్చి చెప్పారు, ఎన్ని గంటలకు, అన్నీ నర్సింగ్ నోట్స్‌లో రాయండి.

గుణుపురం వాసి:
నేను నర్సును కాను, రోగి కొడుకును. మా అమ్మకు ఒడియా రాదు. గర్భసంచి తీసేయాలన్న సంగతి ఒక ఆస్పత్రిలో ఆమెకు మా పదమూడేళ్ల అమ్మాయితో చెప్పించారు. స్కూల్లో ఒడియా చదువుతోంది కదా అని పిల్లను ముందు నిలబెట్టారు. రక్తస్రావం గురించి ఆ పిల్ల ఎలా అడగగలదు? మా అమ్మ మనవరాలి ముందు ఏమి చెప్పుకోగలదు? సిగ్గుతో "సరే" అంది. ఆ "సరే"నే ఒప్పుకోలుగా రాసుకున్నారు. ఆ వార్డులో తెలుగు తెలిసిన సిస్టర్ ఉన్నారని మర్నాడు తెలిసింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

కొరాపుట్ ట్యూటర్:
మీ కోపం న్యాయమైనది. పిల్లలతో ఈ మాటలు చెప్పించకూడదు. పెద్దవాళ్లయిన బంధువులైనా కొన్ని దాచి, కొన్ని కలిపి చెబుతారు, ప్రేమతోనే కావచ్చు. పైగా తన నిర్ణయం తాను తీసుకోగల వయోజనుల బదులు బంధువు ఒప్పుకుంటే చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పరీక్ష కోసం సమీరాకు మత్తు ఇచ్చి, బయట కూర్చున్న ఆమె తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు తల్లి ఒప్పుకోలు సరిపోదని కోర్టు తేల్చింది.

రాయగడ ఏఎన్ఎం:
మా దగ్గర కుటుంబ నియంత్రణ ఆపరేషన్ రోజున చూడాలి. భర్త సంతకం లేదని ఆడవాళ్లను వెనక్కి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం భర్త సంతకం అక్కరలేదు, ఆమె ఒప్పుకుంటే చాలు. పత్రంలోని విషయం ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించాలి. ఇది శాశ్వతమని కువి మాట్లాడే తల్లికి కువిలోనే చెప్పిస్తాను. "తర్వాత తీసేయవచ్చు కదా" అని అడిగిన తల్లులు ఉన్నారు. అలా అడిగినవారిని ఆ రోజుకు ఆపి, మళ్లీ మాట్లాడాకే ముందుకు వెళతాం. లక్ష్యం తగ్గుతుందని పైవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

సిరోంచ నర్సు:
మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా నుంచి. మాకు కాగితాలు మరాఠీలో, రోగులు తెలుగులో, లోపలి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు మాడియాలో. ట్యూటర్ గారి మాటలన్నీ నిజమే. కానీ రాత్రి డ్యూటీలో ఒక్కదాన్నే, మంచాలు నిండి ఉంటాయి, ఐదు నిమిషాలు ఒకరి దగ్గర కూర్చుంటే ఇంకొకరి సెలైన్ అయిపోతుంది. ప్రాణం మీదకు వచ్చి, రోగి చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు అనుమతి కోసం ఆగనక్కరలేదు, అది వేరు. మిగతా వాటికి సమయం ఎక్కడిది?

ఇంకో ఇబ్బంది, డాక్టరు మాటను రోగి భాషలోకి మార్చి చెప్పేవాళ్లది కూడా అదే ఊరు. మా జిల్లాలో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బుకు పరీక్షలు ఎక్కువ. పెళ్లికాని అమ్మాయి ఫలితం పక్కింటాయన నోట తెలుగులోకి వస్తే, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ జబ్బు జన్యువు ఒకటి మోస్తున్నంత మాత్రాన జబ్బు మనిషి కాదని ఊరికి ఎవరు చెబుతారు? హెచ్‌ఐవీ అయితే 2017 చట్టం ప్రకారం ఆ మనిషి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. అందుకే ఫలితం చెప్పేటప్పుడు తోడు వచ్చినవాళ్లను బయటికి పంపుతాను. తిట్టుకుంటారు.

పర్లాకిమిడి సిస్టర్:
డాక్టరు గారు మళ్లీ వచ్చారు. నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. పెద్దాయన ఒకే ప్రశ్న అడిగారు: "మళ్లీ బరువులు ఎత్తవచ్చా? వరి కోతలు ఉన్నాయి." కొన్ని వారాలు ఎత్తకూడదని డాక్టరు చెప్పారు. ఆయన ఆపరేషన్ కోతల తర్వాతకు వాయిదా వేసుకుని ఇంటికి వెళ్లారు. నొప్పి పెరిగినా, వాపు లోపలికి వెళ్లకపోయినా, వాంతులైనా వెంటనే రమ్మని రెండుసార్లు చెప్పి పంపాం. ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

ఇప్పుడు సవర సంగతి. నాకు రాదు. రాత్రిపూట ఎవరిని పిలవాలి?

కొరాపుట్ ట్యూటర్:
మీ ఆస్పత్రిలో ఎవరికి ఏ భాష వచ్చో జాబితా రాయండి, అటెండర్లు, ఆశా కార్యకర్తలతో సహా. విన్నది బయట చెప్పకూడదని ముందే వాళ్లకు నేర్పాలి. జాబితా గోడకు అంటించకండి, డ్యూటీ రిజిస్టర్‌లో ఉంచండి. సిరోంచ సిస్టర్, సమయం గురించి మీరు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. మనుషులు చాలడం లేదని ప్రతి నెలా రాతపూర్వకంగా పైకి పంపండి, నకలు దాచుకోండి.