హైదరాబాద్ జిల్లా లైఫ్ టేబుల్: బయటి ఊళ్లవాళ్ల మరణాలను ఎలా వేరు చేయాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం హైదరాబాద్ జిల్లాకు లైఫ్ టేబుల్ (ఏ వయసు దాకా ఎందరు బతుకుతారో చూపే పట్టిక) తయారుచేస్తున్నాను. లెక్కల దగ్గర ఇబ్బంది లేదు. ఉదాహరణకు 60–64 ఏళ్లవాళ్లలో ఏడాదికి వెయ్యికి 20 మంది చనిపోతుంటే, ఆ అయిదేళ్లలో చనిపోయే సంభావ్యత 0.1 కాదు, సుమారు 0.095. చనిపోయినవాళ్లు ఆ అయిదేళ్లలో సగటున రెండున్నరేళ్లు బతికారనుకుని వేసే లెక్క అది. ఇలా లక్ష మంది పుట్టారనుకుని, ఒక్కో వయసుకు ఎందరు మిగులుతారో చూసుకుంటూ పోతే చివరికి ఆయుర్దాయం వస్తుంది.

చిక్కల్లా మరణాల సంఖ్యతోనే. మన దగ్గర మరణం ఎక్కడ జరిగితే అక్కడే రిజిస్టర్ చేస్తారు. గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లకు జిల్లాల నుంచి సీరియస్ కేసులు వస్తాయి. చంటిపిల్లలనైతే నిలోఫర్‌కు తెస్తారు. మరణాలను జనాభాతో భాగిస్తేనే రేటు వస్తుంది కదా; ఆ మరణాలు నా లెక్కలో పైన చేరతాయి, ఆ ఊళ్ల జనాభా మాత్రం కింద ఉండదు. ముఖ్యంగా పసిపిల్లల రేటు పెరిగితే పుట్టినప్పటి ఆయుర్దాయం బాగా పడిపోతుంది. నగరవాసుల ఆయుష్షును అలా తక్కువ చేసి చూపడం నాకు ఇష్టం లేదు.

రిపోర్టు ఫారంలో మృతుల నివాసం అడుగుతారు కానీ, నా దగ్గరున్న పట్టికల్లో ఆ కాలమ్ లేదు. నివాసంవారీ వివరాలు ఎవరిని అడగాలి? అవి దొరకకపోతే ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల రేట్ల కోసం ప్రభుత్వం చేసే శాంపిల్ సర్వే) రాష్ట్ర రేట్లతో సరిచేయవచ్చా, లేక ఐక్యరాజ్యసమితి 1982 మోడల్ టేబుళ్లలోని (సరైన వివరాలు లేనిచోట వాడే రెడీమేడ్ లైఫ్ టేబుళ్లు) దక్షిణాసియా నమూనా మేలా? జనాభాకు 2011 సెన్సస్‌నే ఆధారం చేసుకున్నాను. ఇలాంటి పని చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.