మెట్రోకి బ్రాడ్‌గేజ్ పెట్టి ఉండాల్సిందా?

నాగోల్ ప్రయాణికుడు:
రైల్వే పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. హైదరాబాద్ మెట్రోకి 1,435 పెట్టారు. బ్రాడ్‌గేజ్ వేసి ఉంటే మెట్రో బండి నేరుగా ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల పట్టాల మీదికి వెళ్లేది కదా! బేగంపేటలో మెట్రో దిగి, మెట్లు దిగి, మళ్లీ రైలు కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. ఇది పెద్ద తప్పే.

పాత రైల్వే ఉద్యోగి:
తమ్ముడూ, ఈ ఆశ ఢిల్లీలో ఎప్పుడో తేలిపోయింది. అక్కడి మెట్రో కట్టించిన శ్రీధరన్ గారు స్టాండర్డ్ గేజ్, అంటే ఈ 1,435 కావాలన్నా రైల్వే శాఖ ఒప్పుకోలేదు. 2002లో తెరిచిన మొదటి లైన్ బ్రాడ్‌గేజే. అయినా ఇన్నేళ్లలో రైల్వే పట్టాల మీదికి ప్రయాణికులతో మెట్రో బండి పోలేదు. సిగ్నళ్లు వేరు, ప్లాట్‌ఫారం ఎత్తు వేరు. 2010లో అక్కడే తెరిచిన గ్రీన్‌లైన్‌ని స్టాండర్డ్ గేజ్‌లోనే వేశారు. పైగా మన హైదరాబాద్ సుల్తాన్ బజార్ లాంటి ఇరుకు చోట్ల మలుపులు తిప్పాలంటే ఈ గేజే సులువు.

సిగ్నల్ ఇంజినీర్:
ఇద్దరూ గేజ్ దగ్గరే ఆగిపోయారు. బెంగళూరుదీ 1,435 గేజే. మరి అక్కడి బండి ఇక్కడ నడుస్తుందా? నడవదు. వాళ్లకి పట్టాల పక్కనున్న మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీ, మనకి పైతీగ నుంచి 25 వేల వోల్టుల ఏసీ.

అంతకంటే గట్టి ముడి సిగ్నలింగ్. మన మెట్రోలో సీబీటీసీ ఉంది, అంటే బండీ కంట్రోల్ రూమూ రేడియోలో మాట్లాడుకుంటాయి. ఒక్కో కంపెనీ సీబీటీసీది ఒక్కో భాష. రేపు కొత్త బండ్లు ఎవరి దగ్గర కొన్నా, వాటిలో పాత సిగ్నల్‌తో కలిసే పరికరాలే ఉండాలి. మన స్టేషన్లు ఆరు బోగీలకు కట్టారు, బండ్లు మూడు బోగీలతో తిరుగుతున్నాయి. సాయంత్రం అమీర్‌పేటలో ఆ తోపులాట చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అందుకే అంటున్నా, ఉమ్మడి ప్రమాణం ముందుగా కావాల్సింది ఆ రేడియో భాషకి. యూరప్ రైల్వేలు ఈటీసీఎస్ అనే ఉమ్మడి సిగ్నల్ ప్రమాణంతో ఆ పని చేశాయి. ఢిల్లీ-మీరట్ నమో భారత్ రైళ్లలోనూ అదే వాడుతున్నారు.

పాత రైల్వే ఉద్యోగి:
ఒప్పుకుంటా. కానీ నడుస్తున్న లైన్‌లో సిగ్నల్ మార్చడం చిన్న పని కాదు, రాత్రి దొరికే మూడు నాలుగు గంటల్లోనే చేయాలి. కొత్త కారిడార్ల టెండర్లలోనైనా ఈ షరతు రాయించాలి.

నాగోల్ ప్రయాణికుడు:
గేజ్ సంగతి అర్థమైంది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మెట్రో నుంచి ఎంఎంటీఎస్‌కి తడవకుండా, రోడ్డు దాటకుండా నడిచే దారి కూడా ప్రమాణాల్లో ఉండాలి. మా అమ్మ మోకాళ్లకి గేజ్ కన్నా అదే ముఖ్యం.